జవాబు ముందే చూస్తే ఏం పోతుంది? ఏఐ వాడకంపై పాఠకుల ప్రశ్నలు

చదువులో, ఉద్యోగంలో, సొంత నిర్ణయాల్లో ఏఐ మీద ఆధారపడటం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఎనిమిదింటిని ఈసారి తీసుకున్నాం. అభ్యసన మనస్తత్వశాస్త్రం, సాఫ్ట్‌వేర్ రంగాల్లో పనిచేసేవాళ్లు కలిసి ఈ జవాబులు రాశారు.

ప్రశ్న: ఏ పాఠం అడిగినా ఏఐ చక్కగా వివరిస్తుంది. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో కూర్చుంటే మాత్రం మొదటి వాక్యం కూడా తోచదు. లోపం నాలో ఉందా, నా పద్ధతిలో ఉందా? (డిగ్రీ విద్యార్థిని)

పద్ధతిలోనే ఉందమ్మా. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. చక్కగా అమర్చిన వివరణ చదువుతున్నప్పుడు మనం ఎక్కడా తడబడం. తడబడలేదు కాబట్టి వచ్చేసిందని మనసు లెక్క వేసుకుంటుంది. పరీక్షలో కావాల్సింది రెండో రకం శక్తి. దాన్ని మీరు సాధన చేయనే లేదు.

రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని కొలిచి చూపించారు. ఒక బృందం ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో బృందం ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. అయినా బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువగా ఉన్నది చదివినవాళ్లకే. మీరు చెప్పిన అనుభవం సరిగ్గా ఇదే.

ఇప్పుడు పని ఎలా మార్చాలో చూద్దాం. ఏఐ తెరవకముందు ఇరవై నిమిషాలు కాగితం, పెన్ను మాత్రమే ఉంచుకోండి. తప్పైనా సరే రాయండి. ఆగిపోయిన చోట ఎందుకు ఆగారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘నాకు ఈ చాప్టర్ అర్థం కాలేదు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వచ్చేసరికి ప్లస్ గుర్తు మైనస్‌గా ఎందుకు మారిందో తెలియలేదు’ అని రాయాలి. ఆ వాక్యం రాయగలిగితే సగం ఆలోచన అయిపోయినట్టే. చాలాసార్లు అది రాస్తుండగానే జవాబు తడుతుంది కూడా.

అప్పటికీ తట్టకపోతే మీ ప్రయత్నమంతా ఏఐకి ఇచ్చి ఇలా అడగండి: ‘ఇది నేను చేసింది. జవాబు చెప్పొద్దు, సరిదిద్దొద్దు. మొదటి తప్పు ఏ లైన్లో ఉందో మాత్రం చెప్పు.’ ఇక్కడ ఒక చిక్కుంది. రెండు మూడు మాటలయ్యాక అది చాలాసార్లు మొత్తం జవాబు చెప్పేస్తుంది. అడిగినవాళ్లను మెప్పించే జవాబుల వైపు దాన్ని తీర్చిదిద్దారు మరి. అందుకే ప్రతి సందేశంలోనూ ఆ షరతు మళ్లీ రాయాలి. అయినా చెప్పేస్తే విండో మూసేసి, పది నిమిషాలు ఆగి, లెక్కైనా వ్యాసమైనా మొదటినుంచి కాగితం మీద రాయండి. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి అదే పని చేయండి. సరిచూసుకోవడానికి పాఠ్యపుస్తకాన్నే పెట్టుకోండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అందులోని మాటలు కూడా తెలియని పూర్తి కొత్త పాఠంతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టడం వృథా. అలాంటప్పుడు మొదటి రెండు ఉదాహరణలు చివరిదాకా చేసి చూపించినవి చూడండి. మూడోదానికి చివరి మెట్టు మీరు వేయండి, నాలుగోది సగం నుంచి, ఐదోది మొదటినుంచి మీరే చేయండి. చేసి చూపించిన లెక్కలు కొత్తవాళ్లకు బాగా పనికొస్తాయని స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు 1985లోనే ఆల్జీబ్రాతో చూపించారు. నేర్చుకుంటున్న కొద్దీ ఆ ఊతం తీసేయాలి. తీసేయకపోతే అదే అడ్డమవుతుంది.

ప్రశ్న: ఏఐ వాడితే మెదడు దెబ్బతింటుందని స్కానింగ్‌లో తేలిందట కదా? (గృహిణి)

అలా తేలలేదండీ. మీరు విన్నది 2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు బయటపెట్టిన అధ్యయనం అయ్యుండాలి. 54 మందిని మూడు బృందాలు చేసి వ్యాసాలు రాయించారు. ఒక బృందం చాట్‌జీపీటీ వాడింది, ఒకటి సెర్చ్ ఇంజన్ వాడింది, ఒకటి ఏదీ వాడలేదు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల నమోదు) తీస్తే, మెదడు భాగాల మధ్య సంధానం చాట్‌జీపీటీ బృందంలో అందరికన్నా తక్కువగా కనిపించింది. అప్పటికి అది ఇతర నిపుణులు పరిశీలించని ముసాయిదా. బృందాలను తారుమారు చేసిన చివరి విడతకు మిగిలింది 18 మందే. తక్కువ పని చేస్తున్నప్పుడు సంకేతం తక్కువగా ఉండటాన్ని దెబ్బతినడం అనకూడదు. లిఫ్టులో వెళ్తున్నంత మాత్రాన కాళ్లు చచ్చుబడినట్టు కాదు.

ఆ అధ్యయనంలో పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏఐతో రాసినవాళ్లలో ఎక్కువమంది, కాసేపటి కింద తామే ఇచ్చిన వ్యాసంలోంచి ఒక్క వాక్యాన్ని కూడా సరిగా చెప్పలేకపోయారు. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు, స్కానర్ అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. హోంవర్క్ లెక్కలన్నీ ఏఐతో చేసేస్తున్నాడు. మానిపించేయమంటారా? (ఒక తండ్రి)

మానిపించేముందు టర్కీలో జరిగిన ప్రయోగం గురించి వినండి. దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులకు లెక్కల సాధనలో జీపీటీ-4 అనే ఏఐ మోడల్ ఇచ్చారు. మామూలు చాట్‌బాట్ అందుకున్నవాళ్లు సాధన సమయంలో, అది లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముఖం చూడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. వెనకబడ్డామన్న సంగతి వాళ్లకే తెలియలేదు. ఇంకో బృందానికి జవాబు చెప్పకుండా ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్లు సాధనలో 127 శాతం మెరుగయ్యారు, పరీక్షలో నష్టం దాదాపు కనిపించలేదు. పరికరం ఒకటే. జవాబు ఎవరు ముందు చెబుతున్నారన్నదే తేడా.

కాబట్టి ఇంట్లో ఒకే నియమం పెట్టండి. అబ్బాయి చేతిరాతతో చేసిన ప్రయత్నం కాగితం మీద కనిపించాకే ఏఐ తెరవాలి. ‘నువ్వే చేశావా?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న అబద్ధం నేర్పుతుంది. చేసినవాటిలో ఒక లెక్క తీసుకుని అంకెలు మార్చి ఐదు నిమిషాలివ్వండి. చేసేస్తే, ఈసారి ప్రశ్నను తిరగేయండి. పొడవు, వెడల్పు ఇచ్చి వైశాల్యం అడిగిన లెక్కైతే, వైశాల్యం, పొడవు ఇచ్చి వెడల్పు అడగండి. అంకెలు మారిస్తే చేసి, తిరగేస్తే ఆగిపోయాడంటే మెట్లు కంఠస్థం చేశాడు, విషయం పట్టుకోలేదు. అప్పుడు ‘ఈ మెట్టు ఎందుకు వేశావు? వేయకపోతే ఏమవుతుంది?’ అని అడగాలి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. వాడు ఎక్కడ తడబడుతున్నాడో గొంతులోనే తెలిసిపోతుంది.

ఏఐని మంచికి వాడాలంటే ఒక ఆట ఉంది. ‘ఈ లెక్కలో కావాలని ఒక తప్పు పెట్టి చేసి చూపించు, నేను పట్టుకుంటాను’ అని అడగమనండి. పిల్లలు దీన్ని ఇష్టంగా ఆడతారు. అది ఒక తప్పు పెట్టబోయి రెండు చేస్తుంది ఒక్కోసారి, కాబట్టి పుస్తకం వెనకాల ఇచ్చిన జవాబు పక్కన ఉండాలి.

ప్రశ్న: రిపోర్టుల సారాంశాలు ఏఐతో చేయించి నేనే సరిచూస్తాను. అయినా తప్పులు జారిపోయి పైవాళ్ల దగ్గర మాట పడుతున్నాను. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను? (కార్యాలయ ఉద్యోగి)

రాయడం కన్నా సరిచూడటం తేలికనుకోవడమే పొరపాటు. యంత్రానికి పని అప్పగించే కొద్దీ మనిషికి మిగిలేది కాపలా పని, అది మనిషికి బొత్తిగా చేతకాని పని అని లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే రాశారు. ఆమె రాసింది కర్మాగారాల గురించి. యంత్రం తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చేస్తే నూరోసారి మన కన్ను పేజీ మీద జారుకుంటూ పోతుంది. ఇది బద్ధకం కాదు, మనిషి ధ్యాస తీరే అంత.

దానికి తోడు ఏఐ తప్పులకు మచ్చ ఉండదు. మనిషి తెలియనిది రాస్తే వాక్యం తడబడుతుంది, ఎక్కడో అనుమానం కలుగుతుంది. ఏఐ మాత్రం ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వెళ్తుంది. నిజమైన అంకె, కల్పించిన అంకె ఒకే దారిలో, ఒకే ధీమాతో వస్తాయి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక కేసులో, చాట్‌జీపీటీ కల్పించిన ఆరు తీర్పులను న్యాయవాదులు నిజమనుకుని దాఖలు చేశారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. వాళ్లు అసలు సరిచూడలేదనీ కాదు. ‘ఈ కేసు నిజమైనదేనా?’ అని చాట్‌జీపీటీనే అడిగారు. నిజమేనంది.

మీరు ముందు మార్చుకోవాల్సింది పని చేసే వరుస. సారాంశం తెరవకముందే మూల పత్రం పైపైన తిరగేసి, ముఖ్యాంశం ఏమై ఉంటుందో, అంకెలు సుమారు ఎంతలో ఉంటాయో మూడు నాలుగు లైన్లు రాసుకోండి. ముందు కంటబడిన అంకె మన అంచనాను తన వైపు లాగేస్తుందని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో చూపించారు. ఏఐ రాసింది ముందు చూశారా, ఆ తర్వాత మీది అనుకునే అభిప్రాయం కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. మీ నాలుగు లైన్లకూ దాని సారాంశానికీ పొసగని చోటే తప్పు దొరికే చోటు. ఒక్కోసారి తప్పు మీదే కావచ్చు, అదీ లాభమే.

తర్వాత పెన్ను పట్టుకుని ప్రతి అంకె, పేరు, తేదీ, కొటేషన్, ‘అందువల్ల’ అన్న మాట కింద గీత గీయండి. గీత పడిన ప్రతిదాన్నీ మూలంలో వెతికి పేజీ నంబర్ పక్కన రాయండి. శాతాలను, మొత్తాలను కాలిక్యులేటర్‌తో మళ్లీ వేయండి. ‘అందువల్ల’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. రెండు విషయాలు పక్కపక్కన ఉంటే చాలు, మూలంలో లేని కార్యకారణ సంబంధం అంటగట్టడం ఏఐకి బాగా అలవాటు.

ఇంతవరకూ చేసేవాళ్లు కొందరైనా ఉంటారు. చాలామంది వదిలేసేది ఆ తర్వాతి పని. సారాంశంలో రాకుండా పోయినవి సారాంశం చూస్తే కనపడవు కదా. అందుకే ఎదురు నడవాలి. మూలంలో మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో పేరా తీసుకుని అందులోని విషయం సారాంశంలోకి వచ్చిందో లేదో చూడండి. ముఖ్యంగా ‘తప్ప’, ‘మాత్రమే’, ‘అయితే’, ‘ఒకవేళ’ అనే మాటలు ఉన్న వాక్యాలు. షరతులు రాలిపోయి ఉత్త వాదన మిగలడం సారాంశాల్లో తరచుగా జరిగే లోపం.

‘నువ్వు చెప్పింది ఖచ్చితమేనా?’ అని దాన్నే అడగడం మానేయండి. ఒక్కోసారి సరైన జవాబు మీద కూడా క్షమాపణ చెప్పి మార్చేస్తుంది, ఒక్కోసారి తప్పు మీద కూడా గట్టిగా నిలబడుతుంది. ఇంత పని రాయడం కన్నా ఎక్కువ సమయం తీసుకుంటోందా? అయితే ఆ రకం రిపోర్టు మీరే రాయడం మేలు. దీంట్లో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: మూడేళ్లుగా ప్రోగ్రామర్‌ని. ఏఐ సాయం లేకుండా చిన్న ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) రాయాలన్నా చేయి ఆడటం లేదు. ఇది తిరిగొస్తుందా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

ఒకప్పుడు వచ్చిన విద్య అయితే మొదటిసారి కన్నా త్వరగానే తిరిగొస్తుంది. అసలు రానిదైతే ఇప్పుడు నేర్చుకోవాలి. ఈ రెండింటిలో మీది ఏదో ముందు నిజాయితీగా తేల్చుకోండి.

చేయి తప్పడం మీ ఒక్కరికే కాదు. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో పెద్దపేగు ఎండోస్కోపీ చేసే అనుభవజ్ఞులైన డాక్టర్లను గమనించారు. ఏఐ సాయం అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో గడ్డలు పట్టుకునే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. ఈ ఫలితాలు 2025లో వచ్చాయి. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి ఇతర కారణాలూ ఉండొచ్చు. అయినా తేలిగ్గా తీసిపారేసే తేడా కాదు.

మీ పనిలో మొదట కాపాడుకోవాల్సింది డిబగ్గింగ్, అంటే కోడ్‌లో తప్పు వెతికి సరిచేయడం. ఎర్రర్ మెసేజ్‌ను అలాగే కాపీ చేసి ఏఐకి ఇవ్వకండి. ముందు మొత్తం చదివి, ఏ ఫైలు, ఏ లైను, ఏ విలువ అనుకున్నట్టు లేదో మీ అంచనా ఒక కామెంట్‌గా రాయండి. పదిహేను నిమిషాలు ఆ అంచనా వెంట వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే అంచనాతో సహా అడగండి. రెండోది, ఏఐ ఇచ్చిన కోడ్‌ను నడిపే ముందు ఖాళీ జాబితా, సున్నా, రుణ సంఖ్య ఇస్తే ఏం వస్తుందో నోటితో చెప్పి, తర్వాత నడపండి. మీరు చెప్పింది, వచ్చింది వేరైన ప్రతిసారీ మీకు తెలియని చోటు ఒకటి బయటపడుతుంది. మూడోది, రోజుకు ఒక్క ఫంక్షన్: ఏఐ రాసింది చదివి అర్థం చేసుకుని, చెరిపేసి, చూడకుండా మళ్లీ రాయండి. ఎడిటర్‌లో దానంతటదే వచ్చే సూచనలు ఆపేసి, మీరు మీట నొక్కితేనే వచ్చేలా పెట్టుకోండి. ఈ ఒక్క సెట్టింగ్ చాలా పనిచేస్తుంది, ఎందుకంటే ఆలోచన పుట్టే అర సెకనును, సూచనగా వచ్చే ఆ బూడిదరంగు అక్షరాలే మింగేస్తున్నాయి.

ప్రశ్న: ఉద్యోగం మారాలా వద్దా అని ఏఐని అడిగాను. నేను చెప్పినదంతా బాగుందంది. మర్నాడు మనసు మారి వేరేలా అడిగితే అదీ బాగుందంది. దేన్ని నమ్మాలి?

దేన్నీ కాదండీ. ఈ మోడళ్లను తీర్చిదిద్దేటప్పుడు మనుషులు ఏ జవాబును మెచ్చుకున్నారో దాన్నిబట్టి మలుస్తారు. మన మాటతో ఏకీభవించిన జవాబు మనకు సహజంగానే నచ్చుతుంది. అలా మొహమాటం దాని తత్వంలోకి చేరింది. మీ మొగ్గు ఎటో ప్రశ్నలోనే చెప్పేస్తే, మీ గొంతే మీకు తిరిగి వినిపిస్తుంది.

అడగాలనుకుంటే మీ పక్షం దాచి అడగండి. ‘ఒకరి పరిస్థితి ఇదీ’ అని, మారడానికి, ఉండిపోవడానికి రెండిటికీ సమాన వివరాలివ్వండి. ‘ఏం చేయాలి?’ అనకుండా ‘ఈ నిర్ణయానికి ఇంకా ఏ వివరాలు తెలియాలి?’ అని అడగండి. దాని దగ్గర నిజంగా పనికొచ్చేది ఆ జాబితానే. అంతకన్నా ముందు, తేదీ వేసి మీ నిర్ణయం, దానికి మూడు కారణాలు, ఏం తెలిస్తే మనసు మార్చుకుంటారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏఐతో మాట్లాడాక కారణాలు మారాయా, కేవలం ధైర్యం పెరిగిందా అన్నది ఆ కాగితమే చెబుతుంది. మిమ్మల్ని ఏళ్ల తరబడి చూసిన మనిషైతే మీ మాటను కాదనగలరు. ఆ మనిషితోనూ మాట్లాడండి.

ప్రశ్న: కాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇదే గోల. రాత వస్తే జ్ఞాపకశక్తి పోతుందని సోక్రటీస్ భయపడ్డాడట. ఏఐ దగ్గరే ఎందుకింత కలవరం? (విశ్రాంత ఉపాధ్యాయులు)

మీ మాటలో సగం నిజం ఉంది మాస్టారూ. ప్లేటో రాసినదాన్నిబట్టి సోక్రటీస్ అలా అన్నమాట వాస్తవమే. రాత వల్ల కంఠస్థం చేసే శక్తి తగ్గింది కూడా. బదులుగా మనకు దక్కింది దానికన్నా ఎక్కువ. ఆడియోను అక్షరాల్లోకి మార్చడం, పట్టికలు సర్దడం, ఒకే లేఖను పది నమూనాల్లోకి దించడం లాంటివి ఏఐకి వదిలేస్తే పోయేదేమీ లేదు.

కాలిక్యులేటర్‌తో పోలిక మాత్రం కొంతదూరమే వస్తుంది. అది నిర్ణీతమైన ఒక్క పని చేస్తుంది, సరిగ్గా చేస్తుంది. ఏది కూడాలో, ఎందుకు కూడాలో మనమే చెప్పాలి. ఏఐ ప్రశ్నను విడగొట్టడం, ఏది ముఖ్యమో ఎంచడం, వాదన అల్లడం, ముగింపు తేల్చడం అన్నీ తనే చేసి ఇస్తుంది, మధ్యలో తప్పుతుంది కూడా. ఆ తప్పును పట్టుకోవడానికి కావాల్సింది సరిగ్గా దానికి అప్పగించిన నైపుణ్యమే. ఇంకో సంగతి: అందరూ ఒకే మోడల్‌ను అడిగితే అందరి ఆలోచనలూ ఒకే మూసలో పడతాయి. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఏఐ ఆలోచనలు తీసుకుని చిన్న కథలు రాసినవాళ్ల కథలు విడివిడిగా మెరుగ్గా అనిపించాయి, కలిపి చూస్తే ఒకదానికొకటి ఎక్కువ పోలికలతో ఉన్నాయి. తరగతిలో నలభై వ్యాసాలు దిద్దేవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నా శక్తి తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరు తరచూ ఏఐతో చేయించే ఒక పని ఎంచుకోండి. గడియారం పెట్టుకుని, అది లేకుండా మొదటినుంచి చివరిదాకా చేయండి. ఏఐ తెరవాలని మనసు లాగిన ప్రతిసారీ, ఆ క్షణాన ఏం చేయబోతున్నారో పక్కన ఒక మాట రాయండి: ‘మొదలు’, ‘వరుస’, ‘మాట దొరకలేదు’, ‘ఇది సరైనదేనా’. మాట దొరకలేదన్నవే ఎక్కువుంటే కంగారు పడక్కర్లేదు, నిఘంటువు చాలు. ‘మొదలు’, ‘వరుస’ దగ్గర ఎక్కువ ఆగితే, ఏం చెప్పాలో తేల్చుకోవడమే అప్పగించేశారన్నమాట. ‘ఇది సరైనదేనా’ దగ్గర ఆగితే, మీ తీర్పు మీద మీకు నమ్మకం తగ్గింది. అలాంటప్పుడు మీ జవాబు పక్కన నమ్మకం ఎంతో శాతంలో వేసి, తర్వాత పుస్తకంతో సరిచూసుకోండి. ఇలా ఇరవై జవాబులయ్యేసరికి మీ అంచనా ఎక్కడ గట్టిదో, ఎక్కడ బలహీనమో మీకే పట్టిక వస్తుంది. నిద్ర చాలని రోజు, పని ఒత్తిడి ఉన్న రోజు ఈ పరీక్ష పెట్టుకోకండి. పదిహేను రోజుల ఎడంతో అదే రకం పని మీద రెండోసారి చేశాకే ఒక నిర్ణయానికి రండి.